ఖగోళ పరిశీలన పుస్తకం: రామగుండం–గోదావరిఖని ప్రాంతానికి అన్వయంతో

ఆకాశంలో చూసినదాన్ని చూసిన చోటే, చూసిన వేళకే రాసుకునే ప్రయోగ పుస్తకం ఖగోళ పరిశీలన పుస్తకం. తేదీ, సమయం, స్థలం, పరికరం, ఆకాశ స్థితి అందులో తప్పనిసరిగా ఉంటాయి. లోలకం ప్రయోగం తప్పితే మర్నాడు మళ్లీ చేయవచ్చు. నిన్నటి రాత్రి గురుగ్రహం పక్కన ఉపగ్రహాలు ఏ వరుసలో ఉన్నాయో నిన్న రాసుకోకపోతే ఆ పరిశీలన పోయినట్టే. అందుకే ఖగోళశాస్త్రం ప్రాథమిక స్థాయిలో చదివేవారికి టెలిస్కోపు కన్నా ముందు కావలసిన పరికరం ఈ పుస్తకమే. ఈ వ్యాసం దాని నిర్వచనం, చరిత్ర, రకాలు, రాసే పద్ధతి, ప్రాముఖ్యతలను వివరిస్తుంది. ఉదాహరణలు పెద్దపల్లి జిల్లాలోని సింగరేణి బొగ్గు ప్రాంతానికి, అంటే సుమారు 18.75 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి ఆకాశానికి, సరిపోయేలా ఇవ్వబడ్డాయి.

నిర్వచనం, పరిధి

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ప్రాక్టికల్స్‌కు రెండు పుస్తకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది అబ్జర్వేషన్ బుక్. ప్రయోగం చేస్తూ కొలతలు రాసుకునేది ఇందులోనే. రెండోది రికార్డు. ఉద్దేశం, పరికరాలు, సూత్రం, పట్టిక, ఫలితం అనే వరుసలో, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్ బొమ్మలతో ఇంటి దగ్గర అందంగా రాసి సంతకానికి ఇచ్చేది ఇది. మార్కులు ఎక్కువగా రికార్డుకే పడతాయి కాబట్టి విద్యార్థుల శ్రద్ధ కూడా దానిమీదే ఉంటుంది.

ఖగోళశాస్త్రంలో పరిశీలన పుస్తకం అనే మాట మొదటిదానికే వర్తిస్తుంది. రికార్డు దాని నకలు, లేదా దానిమీద ఆధారపడిన నివేదిక. నకలు రాసేటప్పుడు అంకెలు సర్దుబాటు కావచ్చు, అనుమానం కలిగించిన కొలత జారిపోవచ్చు, మబ్బు పట్టిన రాత్రి లెక్కలోకి రాకపోవచ్చు. మూల పుస్తకం ఉంటే ఇవన్నీ సరిచూసుకోవచ్చు. మూల పుస్తకం చిత్తుగా ఉండవచ్చు గాని అసంపూర్ణంగా ఉండకూడదు.

చరిత్ర

*ప్రపంచ నేపథ్యం.* డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహీ (1546–1601) టెలిస్కోపు లేని కాలంలో గ్రహాల స్థానాలను ఏళ్ల తరబడి నమోదు చేశాడు. ఆయన అంగారక పరిశీలనలకూ తన లెక్కకూ మధ్య 8 కళల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ) తేడా వచ్చినప్పుడు యోహానెస్ కెప్లర్ ఆ తేడాను తోసిపుచ్చలేదు. నమోదులు నమ్మదగినవని తెలుసు కాబట్టి లెక్కనే మార్చాడు. 1609లో ప్రకటించిన దీర్ఘవృత్త కక్ష్యా నియమానికి దారి అలా పడింది.

గెలీలియో 1610 జనవరి 7న గురుగ్రహం దగ్గర మూడు చిన్న చుక్కలను గుర్తించి, రాత్రి వెంట రాత్రి వాటి స్థానాలను గీశాడు. ఆ వారంలోనే నాలుగోది కనిపించింది. అవి గురువు చుట్టూ తిరుగుతున్నాయని చెప్పింది ఏ ఒక్క బొమ్మా కాదు, బొమ్మల వరుస. ఆయన నోటు పుస్తకంలోనే 1612 డిసెంబరు 28న, 1613 జనవరి 28న గురువు సమీపంలో ఒక నక్షత్రం గుర్తించి ఉంది. అది నెప్ట్యూన్ గ్రహమని 1980లో పరిశోధకులు తేల్చారు. ఆ గ్రహాన్ని అధికారికంగా కనుగొన్నది 1846లో.

నెప్ట్యూన్ విషయంలోనే మరో నమోదు ఉంది. పారిస్‌లో ఖగోళవేత్త లాలాండ్ బృందం 1795 మే 8న, 10న ఒకే నక్షత్రాన్ని కొలిచింది. రెండు రోజుల స్థానాలు కలవలేదు. మొదటిదాన్ని వదిలేసి, రెండోదాన్ని సందేహ చిహ్నంతో నక్షత్ర పట్టికలో అచ్చువేశారు. 1847లో ఆ చోట నక్షత్రం లేదని గమనించి చేతిరాత ప్రతులు తీసి చూస్తే రెండు కొలతలూ సరైనవేనని, కదిలింది గ్రహమేనని తెలిసింది. అచ్చు పట్టికలో పోయిన విషయం మూల పుస్తకంలో మిగిలింది.

*తెలుగు ప్రాంతాల్లో.* విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో డాబాగార్డెన్స్‌లో వేధశాల నెలకొల్పాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) దాన్ని నడిపాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణాన్నీ పరిశీలించి, తన నమోదులను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. ఆ సంస్థ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. 1868 ఆగస్టు 18 నాటి అదే గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించాడు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఏర్పాటు చేసిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని ఫొటో పలకలపై నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ పథకంలో దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణీయ దూరం) 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీలోనూ పని జరిగింది. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో తీసిన ప్రతి పలకకూ తేదీ, సమయం రాసి ఉంచారు కనుకనే వాటిమీద కొలిచిన స్థానాలను తర్వాతి తరాల కొలతలతో పోల్చి నక్షత్రాల స్వీయ చలనాన్ని లెక్కించడం సాధ్యమైంది. టి.పి. భాస్కరన్ సంచాలకుడుగా ఉన్న కాలంలో (1918–1944) 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపుతో చరతారల (వెలుగు మారే నక్షత్రాల) పరిశీలన సాగింది. నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడు, నిజాం కళాశాల విద్యార్థి అయిన ఎం.కె. వైనుబప్పు 1949లో అమెరికాలో ఒక ఫొటో పలకపై తోకచుక్కను గుర్తించాడు. దానికి ఆయన పేరు కూడా చేరింది. ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ 1959లో ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయపు జపాల్–రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు 1968లో వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ వేధశాల మీదుగానే సాగింది.

సింగరేణి ప్రాంతంలో నమోదు సంప్రదాయం

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలై, 1920లో ప్రస్తుత పేరు పొందిన సింగరేణి కాలరీస్ కంపెనీ నేడు రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం, కేంద్ర ప్రభుత్వం 49 శాతం వాటాలతో నడుస్తోంది. పని మూడు షిఫ్టుల్లో జరుగుతుంది. గనిలో మైనింగ్ సర్దార్లు, ఓవర్‌మెన్లు తాము తనిఖీ చేసిన చోటు, గ్యాస్, గాలి, పైకప్పు, పక్కల పరిస్థితి గురించిన నివేదికను పేజీ సంఖ్యలున్న బైండు పుస్తకంలో రాసి, తేదీ వేసి, సంతకం చేయాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. పేజీ చించితే తెలిసిపోతుంది. పని దిగి ఇంటికెళ్లాక గుర్తుచేసుకుని రాసేది కాదు. మనిషి ప్రాణం దానిమీద ఆధారపడి ఉంటుంది.

పరిశీలన పుస్తకానికి కావలసిన నియమాలు ఇవే: బైండు పుస్తకం, పేజీ సంఖ్యలు, ఆ వేళే రాయడం, చూసినవారి సంతకం. నైట్ షిఫ్టు అర్ధరాత్రికి ముందు మొదలై మర్నాడు పొద్దున ముగుస్తుంది కాబట్టి ఒకే పనికి రెండు తేదీలు రావడం ఇక్కడి కుటుంబాలకు కొత్త కాదు. ఖగోళ నమోదులో వచ్చే మొదటి చిక్కు కూడా అదే (చూ. సమయం).

రకాలు

1. *సాధారణ పరిశీలన పుస్తకం:* కంటితో, బైనాక్యులర్లతో, చిన్న టెలిస్కోపుతో చూసిన ప్రతిదీ తేదీల వరుసలో రాసేది. ప్రారంభకులకు ఇది ఒక్కటి చాలు.

2. *విషయవారీ పుస్తకం:* చంద్రుడు, సూర్య మచ్చలు, ఒక చరతార వంటి ఒకే అంశానికి కేటాయించినది. నెలల తరబడి సాగే ప్రాజెక్టులకు అనువు.

3. *ముద్రిత పత్రాలు:* వృత్తం ముందే గీసి ఉన్న గ్రహాల పత్రం, సూర్యబింబ పత్రం వంటివి. వీటిని విడిగా ఉంచకుండా పుస్తకంలో అతికించి పేజీ సంఖ్య వేయాలి.

4. *డిజిటల్ నమోదు:* స్ప్రెడ్‌షీటు, ఫొటోల సంచయం. వెతకడానికి, గ్రాఫు గీయడానికి సులువు (చూ. డిజిటల్ సాధనాలు).

నమోదులో ఉండవలసిన అంశాలు

*సమయం.* మన గడియారం చూపేది భారత ప్రామాణిక సమయం. సార్వత్రిక సమయానికి ఇది 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఏ సమయం వాడుతున్నామో పుస్తకం మొదటి పేజీలో ఒకసారి, ప్రతి నమోదులో ఒకసారి స్పష్టం చేయాలి. అర్ధరాత్రి దాటే పరిశీలనలకు తేదీని “డిసెంబరు 14–15” అని జంటగా రాయడం ఆనవాయితీ. చరతారల పనిలో జూలియన్ దిన సంఖ్య వాడతారు. ఆ దినం సార్వత్రిక సమయం మధ్యాహ్నం 12 గంటలకు, అంటే మనకు సాయంత్రం 5.30కి, మారుతుంది. అందువల్ల భారతదేశంలో ఒక రాత్రి పరిశీలనలన్నీ దాదాపుగా ఒకే దిన సంఖ్యలో ఇముడుతాయి. 2000 జనవరి 1 సాయంత్రం 5.30కి జూలియన్ దిన సంఖ్య 24,51,545.

*స్థలం.* ఊరి పేరు ఒక్కటే చాలదు. “సెంటినరీ కాలనీ, డాబా మీద, తూర్పున చెట్లు 15 డిగ్రీల ఎత్తు వరకు అడ్డం” అన్నంత వివరం కావాలి. కొత్త చోటుకు వెళ్లిన ప్రతిసారీ చుట్టూ దిగంత రేఖను ఒకసారి గీసుకుంటే తర్వాతి నమోదులన్నింటికీ పనికొస్తుంది.

*ఆకాశ స్థితి.* మూడు విషయాలు వేరువేరుగా రాయాలి: మబ్బు ఎంత భాగం ఉంది, గాలి ఎంత నిశ్చలంగా ఉంది, కంటికి కనిపించే అతి మసక నక్షత్రం ఏది. నిశ్చలతకు అంతోనియాడి కొలబద్దలో 1 (అత్యుత్తమం) నుంచి 5 వరకు అంకెలు ఉన్నాయి. ఆకాశపు చీకటికి 2001లో జాన్ బోర్టిల్ ప్రతిపాదించిన 9 తరగతుల కొలబద్ద వాడుకలో ఉంది. కృత్తికల గుంపులో, అంటే పిల్లలకోడిలో, ఆ రాత్రి ఎన్ని చుక్కలు విడిగా కనిపించాయో రాయడం అన్నింటికన్నా సులువైన పద్ధతి.

*పరికరం.* టెలిస్కోపు రకం, ద్వారం వ్యాసం, కంటికటకం నాభ్యంతరం, వర్ధనం రాయాలి. వస్తుకటకం నాభ్యంతరాన్ని కంటికటకం నాభ్యంతరంతో భాగిస్తే వర్ధనం వస్తుంది. న్యూటోనియన్ టెలిస్కోపులో బింబం తలకిందులవుతుంది. వక్రీభవన టెలిస్కోపుకు కాంతిని పక్కకు మళ్లించే వాలు అద్దం బిగిస్తే కుడి ఎడమలు మారతాయి. బొమ్మ పక్కన ఉత్తర, తూర్పు దిక్కుల గుర్తు లేకపోతే మర్నాడు ఆ బొమ్మను చదవడం కష్టం.

*పరిశీలకులు.* ఎవరు చూశారు, ఎవరు రాశారు అన్నది విడిగా ఉండాలి. ఇద్దరు కలిసి చూసినప్పుడు ఒకరి అంచనా మరొకరికి వినిపించకుండా రాసుకుని తర్వాత పోల్చుకోవాలి.

*కొలత, అనిశ్చితి.* “47.8 డిగ్రీలు” అన్నది సగం సమాచారం, “47.8, అటూ ఇటూగా 0.2” అన్నది పూర్తి కొలత. చెయ్యి చాచి పట్టుకుంటే చిటికెన వేలు వెడల్పు సుమారు 1 డిగ్రీ, మూడు వేళ్లు 5, పిడికిలి 10 డిగ్రీలు. ఇలాంటి కొలతలో ఒకటి రెండు డిగ్రీల తేడా సహజం. ఆ సంగతి రాయాలి.

రాసే పద్ధతి

రాత్రికి ముందే పేజీ సిద్ధం చేసుకోవాలి: తేదీ, ఏం చూడాలనుకుంటున్నామో, అవసరమైన నక్షత్ర పటం, ఖాళీ వృత్తాలు. చీకటికి కళ్లు అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లని వెలుగు పడితే ఆ నిరీక్షణ మళ్లీ మొదలు. గని క్యాప్ ల్యాంపు, ఫోన్ తెర రెండూ ఇందుకు పనికిరావు. ఎర్ర గాజు కాగితం చుట్టిన చిన్న టార్చి సరిపోతుంది. మంచు పడే రాత్రుల్లో సిరా పాకుతుంది, పెన్సిల్ నయం. అయితే రబ్బరు వాడకూడదు.

తప్పు దిద్దే నియమం ఒక్కటే. తప్పుగా రాసిన అంకె చదవగలిగేలా దానిమీద ఒక గీత గీసి, పక్కన కొత్త అంకె, దిద్దిన సమయం, కారణం రాయాలి. దిద్దుడు ద్రవం పూయడం, పేజీ చించడం నిషిద్ధం. లాలాండ్ బృందం మూల ప్రతిలో మే 8 కొలత మిగిలి ఉండబట్టే యాభై ఏళ్ల తర్వాత అది ఒక గ్రహానికి సాక్ష్యమైంది.

చూసింది, ఊహించింది వేరువేరుగా ఉండాలి. “గురువుకు పడమర రెండు చుక్కలు, తూర్పున ఒకటి” అన్నది పరిశీలన. “నాలుగోది గురువు వెనక ఉండవచ్చు” అన్నది వ్యాఖ్య. పేజీని నిలువుగా విభజించి ఎడమవైపు పరిశీలన, కుడివైపు వ్యాఖ్య రాయడం మంచి అలవాటు. వెతికినా కనబడని వస్తువునూ, మబ్బు పట్టి వెనుదిరిగిన రాత్రినీ నమోదు చేయాలి. చరతార మసకబారిన రాత్రులు ఏవో, అసలు చూడని రాత్రులు ఏవో అప్పుడే విడిగా తెలుస్తాయి.

స్థానిక పరిస్థితులు

రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం, దాని పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ కేంద్రం, గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు ఉన్నాయి. ఈ పరిసరాలు నమోదును మూడు విధాలుగా ప్రభావితం చేస్తాయి.

మొదటిది వెలుగు. గనుల్లోనూ విద్యుత్ కేంద్రంలోనూ రాత్రంతా దీపాలు వెలుగుతాయి. ఏ దిక్కున దిగంతం తెల్లబారి ఉందో, ఎంత ఎత్తు వరకో రాయాలి. జ్యోతినగర్, యైటింక్లయిన్ కాలనీ వంటి కాలనీల్లో వీధి దీపం నేరుగా కంట పడని మూల వెతుక్కోవాలి. మంథని వైపు పల్లెల్లో ఒక రాత్రి చూసి అవే నక్షత్రాల లెక్కను పట్టణపు లెక్కతో పోలిస్తే కాంతి కాలుష్యం మీద మంచి ప్రాజెక్టు అవుతుంది.

రెండోది ధూళి. బొగ్గు పొడి, బూడిద, వాహనాల దుమ్ము దిగంతం దగ్గర నక్షత్రాలను మసకబరుస్తాయి. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి ఇంచుమించు సమానం కనుక ఇక్కడ అది దిగంతం నుంచి సుమారు 19 డిగ్రీలే లేస్తుంది. ఆ ఎత్తులో నక్షత్రం వెలుగు, నడినెత్తిన ఉన్న నక్షత్రం వెలుగు కన్నా సుమారు మూడు రెట్లు గాలిని దాటి వస్తుంది. ధ్రువుడు కనిపించాడా లేదా అన్న ఒక్క మాట ప్రతి రాత్రీ రాస్తే అది గాలి స్వచ్ఛతకు కూడా నమోదవుతుంది.

మూడోది ఋతువు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాకాలపు మబ్బులు అడ్డం వస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆకాశం తేటగా ఉంటుంది గాని తెల్లవారుజామున గోదావరి ఒడ్డున పొగమంచు పట్టవచ్చు. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి పొగను పైకి పోనివ్వదు.

ప్రారంభ స్థాయి పరిశీలనలు

*శంకువు నీడ.* చదునైన నేలమీద 1 మీటరు కర్రను నిట్టనిలువుగా పాతి నీడ పొడవు కొలవడం అన్నింటికన్నా చౌకైన ప్రయోగం. గోదావరిఖని అక్షాంశంలో మధ్యాహ్నపు నీడ డిసెంబరు 22న సుమారు 91 సెంటీమీటర్లు, విషువ దినాల్లో 34, జూన్ 21న 8 ఉంటుంది. జూన్‌లో అది దక్షిణానికి పడుతుంది. మే నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి సూర్యుడు నడినెత్తికి వచ్చి మధ్యాహ్నం కర్ర నీడ మాయమవుతుంది.

నమోదు ఎందుకు జాగ్రత్తగా ఉండాలో ఈ ప్రయోగమే చూపుతుంది. డిసెంబరు 22కు లెక్క ప్రకారం రావలసిన నీడలు ఇవి:

ఉదయం 10.40 – 109.4 సెం.మీ.
11.50 – 91.5
12.00 – 90.9
12.10 – 90.6
12.20 – 90.9
12.30 – 91.5
1.40 – 109.4

సూర్యుడు బిందువు కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. కాబట్టి నీడ కొస ఒక సెంటీమీటరుకు పైగా అలుక్కుపోయి ఉంటుంది. దాని నడిమిని అర సెంటీమీటరు లోపు గుర్తించడం కష్టం. 12 గంటలకూ 12.20కీ మధ్య నీడ మారేది 3 మిల్లీమీటర్లే. అంటే “నీడ అతి పొట్టిగా ఉన్న వేళ” కోసం చూస్తే పది నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. పొద్దున 10.40 ప్రాంతంలో మాత్రం నీడ నిమిషానికి 4 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతుంది. అప్పటి పొడవుకు ఒక వృత్తం గీసి, మధ్యాహ్నం తర్వాత నీడ కొస మళ్లీ ఆ వృత్తాన్ని తాకే వేళ రాసుకుని, రెండింటికీ నడిమి వేళ తీస్తే స్థానిక మధ్యాహ్నం 12.10 అని నిమిషం అటూ ఇటూగా వస్తుంది. వృత్తం మీది రెండు గుర్తులను కలిపే గీత తూర్పు పడమరలను చూపుతుంది. భారతీయ సిద్ధాంత గ్రంథాల్లోని శంకు పద్ధతి ఇదే.

ఈ నమోదు నుంచి ఊరి ఉనికి తేలుతుంది. డిసెంబరు 22న సూర్యుడు సగటు సూర్యుని కన్నా సుమారు ఒకటిన్నర నిమిషం ముందుంటాడు. దాన్ని కలిపితే 12.12 వస్తుంది. ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి మనం 12 నిమిషాలు, అంటే 3 డిగ్రీలు, పడమర ఉన్నామన్నమాట: 79.5 డిగ్రీలు. ఒక్క నిమిషం పొరపాటు ఇక్కడ 26 కిలోమీటర్ల తేడా తెస్తుంది. నీడ పొడవు 90.6 నుంచి సూర్యుని ఎత్తు 47.8 డిగ్రీలు, దానినుంచి అక్షాంశం 18.8 డిగ్రీలు వస్తుంది. అర సెంటీమీటరు అనిశ్చితి అక్షాంశంలో 0.2 డిగ్రీల లోపే ఉంటుంది. ఏ కొలత ఫలితాన్ని ఎంత కదిలిస్తుందో విద్యార్థి తన పుస్తకంలోనే చూడగలడు.

*చంద్రుడు.* ఒక పక్షం పాటు రోజూ ఒకే వేళకు చంద్రుని ఎత్తు, దిక్కు, వెలుగు భాగపు ఆకారం, దగ్గరి నక్షత్రం నమోదు చేయాలి. చంద్రుడు నక్షత్రాల మధ్య రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు; ఉదయించే వేళ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం ఒక తిథి. పంచాంగంలోని తిథిని ముందుగా చూడకుండా, తన కొలత నుంచి తిథి లెక్కించి తర్వాత పోల్చుకోవడం మంచి అభ్యాసం.

*గురుగ్రహ ఉపగ్రహాలు.* బైనాక్యులర్లు చాలు. గురుబింబపు వ్యాసాన్ని కొలబద్దగా తీసుకుని ప్రతి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో గీయాలి. ఆవర్తన కాలాలు అయోకు 1.77 రోజులు, యురోపాకు 3.55, గానిమీడ్‌కు 7.15, కాలిస్టోకు 16.69. అయో రెండు రోజుల లోపే ఒక చుట్టు తిరుగుతుంది కనుక రోజుకు ఒక్క బొమ్మ దానికి చాలదు. కాలిస్టోకు మాత్రం మూడు వారాల బొమ్మలు కావాలి.

*సూర్య మచ్చలు.* సూర్యుణ్ణి కంటితో గాని, టెలిస్కోపుతో గాని నేరుగా చూడకూడదు; చూపు శాశ్వతంగా పోతుంది. బింబాన్ని తెల్ల కాగితంపై పడేసి మచ్చలను గుర్తించాలి. మచ్చల గుంపుల సంఖ్యను పదితో గుణించి, విడి మచ్చల సంఖ్య కలిపి, పరికరాన్ని బట్టి వచ్చే గుణకంతో హెచ్చిస్తే ఉల్ఫ్ సంఖ్య వస్తుంది. ష్వాబే అనే పరిశీలకుడు 1826 నుంచి 17 ఏళ్ల పాటు మచ్చలను నమోదు చేసిన పుస్తకాల వల్లే, అవి పెరిగి తగ్గే సౌర చక్రం ఉన్నదని తెలిసింది.

*చరతారలు.* మృగశిర పక్కన ఎర్రగా మెరిసే ఆర్ద్ర వెలుగు మారుతుంటుంది. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు అది కంటికే తెలిసేంతగా మసకబారింది. రోహిణి వంటి ప్రమాణ నక్షత్రాలతో పోల్చి, దేనికన్నా ఎక్కువ, దేనికన్నా తక్కువ అని రాయాలి. పోల్చే నక్షత్రాలు దాదాపు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు చూస్తే ధూళి వల్ల వచ్చే తేడా తగ్గుతుంది. ఆల్గాల్ అనే మరో చరతార 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి మసకబారుతుంది. దాని కాంతి పరిమాణం 2.1 నుంచి 3.4కు పడిపోతుంది.

సాధారణ దోషాలు

ఫలితం ముందే తెలిసి, అంకెలను దానికి దగ్గరగా రాయడం అన్నింటిలోకి పెద్ద దోషం. పై పట్టికలోని నీడలను చూసి 90.6 అని రాసిన విద్యార్థి కర్ర నిలువుగా లేదన్న సంగతిని ఎప్పటికీ తెలుసుకోలేడు. గుంపులో ఒకరి పుస్తకం చూసి మిగతావారు ఎక్కించుకోవడం రెండోది. దీనివల్ల ఐదుగురి ఐదు కొలతలు కావలసిన చోట ఒక్క కొలతే మిగులుతుంది. గడియారం సరిచూసుకోకపోవడం, దిక్కుల గుర్తు మరవడం, కొలమానం రాయకపోవడం, విడి కాగితాలపై రాసి పోగొట్టుకోవడం తరచు కనిపించే ఇతర దోషాలు.

మూల్యాంకనంలో చేతిరాత అందం కన్నా నమోదుల కొనసాగింపు, అనిశ్చితి రాసిన తీరు, దిద్దుబాట్ల నిజాయితీ ప్రధానం. తెలియని వ్యక్తి ఆ పుస్తకం తీసుకుని అదే చోట, అదే పరికరంతో పరిశీలనను మళ్లీ చేయగలగాలి.

డిజిటల్ సాధనాలు

ఫోన్ కెమెరా ఫొటోతో పాటు సమయాన్ని, అనుమతిస్తే స్థలాన్ని కూడా దాచుకుంటుంది. ఫొటో సంఖ్యను పుస్తకంలో రాస్తే రెండూ ముడిపడతాయి. స్టెల్లేరియం వంటి సాఫ్ట్‌వేర్ ఏ వేళకు ఏది ఎక్కడ ఉంటుందో చూపుతుంది. ప్రణాళికకు, తర్వాత పోల్చుకోవడానికి అది ఉపయోగం. అందులో కనిపించినదాన్ని పరిశీలనగా నమోదు చేయకూడదు. ప్రతి రాత్రి పేజీని మర్నాడే ఫొటో తీసి భద్రపరచడం వర్షం, చెదల నుంచి రక్షణ. కాగితపు పుస్తకాన్ని మాత్రం పారేయకూడదు.

ప్రాముఖ్యత

పరిశీలన పుస్తకం విద్యార్థికి మూడు విషయాలు నేర్పుతుంది: చూసినదాన్ని ఊహించినదాని నుంచి వేరుచేయడం, కొలతకు హద్దు చెప్పడం, తన తప్పును దాచకుండా దిద్దడం. ఖరీదైన పరికరాలు లేని కళాశాలకు ఇది పెద్ద అవకాశం. ఒక కర్ర, ఒక కొలబద్ద, ఒక గడియారం, ఒక బైండు పుస్తకంతో తమ ఊరి అక్షాంశ రేఖాంశాలను తామే కనుక్కోవచ్చు.

సమాజానికి కూడా దీని విలువ ఉంది. కోల్‌బెల్టులో ఒక కళాశాల విద్యార్థులు ఏటా పాత పుస్తకాలు భద్రపరిచి, ధ్రువుడు కనిపించిన రాత్రులు, పిల్లలకోడిలో లెక్కించిన చుక్కలు, దిగంతపు తెలుపు ఎంత ఎత్తుకు వచ్చిందన్న వివరాలు ఒకే పద్ధతిలో రాస్తూ పోతే, గనులు విస్తరించేకొద్దీ, మూతపడేకొద్దీ తమ ఆకాశం ఎలా మారిందో చెప్పే ఆధారం వారి చేతుల్లోనే తయారవుతుంది. అందుకు మొదటి రోజు నుంచే తేదీ, సమయం, స్థలం, సంతకం ఉండాలి. ఇవి లేని నమోదును తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ఇవి కూడా చూడండి: కాంతి కాలుష్యం, చరతారలు, జూలియన్ దిన సంఖ్య, నిజామియా వేధశాల, పంచాంగం, భారత ప్రామాణిక సమయం, శంకువు, సింగరేణి కాలరీస్, సూర్య మచ్చలు.